నడుమెత్తు బల్ల

కుప్పం,
9 జూన్ 2025

మామకు, అత్తకు,
భార్గవి నమస్కారాలు.

ఈ కవరు చూడగానే "మాట్లాడకూడదని ఒట్టేసుకుంటిమి గదా, ఇదేం దొంగాట?" అంటావని తెలుసు. కాణిపాకంలో మనం వేసుకున్న ఒట్టు ఏమిటి? వచ్చే వినాయక చవితి దాకా ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని. రాయకూడదని లేదు. ఫోను మాటేనని, వాట్సాప్ కూడా మాటేనని, అత్త నోటితో చెప్పించుకున్నా మాట కిందే లెక్కని నువ్వే తేల్చావట. అమ్మ చెప్పింది. ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. అంత నిదానంగా మాట్లాడే మనిషి ఎవరూ ఉండరు కాబట్టి ఇది మాట కాదు.

అంతా ఆ గ్రైండర్ వల్ల వచ్చింది. నేను బాగుచేసిన గ్రైండర్ వెనక్కి తిరిగి దోసెపిండి నీ కొత్త చొక్కా మీద పడిన మాట నిజమే. అంత మాత్రానికి బంధువులందరి ముందు "ఇంజినీరింగ్ సదివి గ్రైండర్ గూడా సక్కగా తిప్పలేవే" అనాలా? నేను కూడా తిరిగి ఏదో అన్నాను, వదిలెయ్.

అసలు సంగతికి వస్తాను. ఇంట్లో కూర్చుని బెంగళూరు ఆఫీసు పని చేసీ చేసీ నాకు నడుము నొప్పి పట్టుకుంది. కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి పని చేసుకోమన్నాడు డాక్టరు. అందుకోసం ఎత్తు మారే బల్లలు ఉంటాయి. ఒక బటన్ నొక్కితే బల్ల పైకి లేస్తుంది, ఇంకొకటి నొక్కితే దిగుతుంది. మూతబడిన ఆఫీసు ఒకటి అమ్ముతుంటే పాతది తెచ్చుకున్నాను. కాళ్లు, మోటార్లు బాగానే ఉన్నాయి. వాటిని నడిపే కంట్రోలర్ కాలిపోయింది. కొత్తది కొనుక్కోమని అందరూ అంటున్నారు. నేనే చేస్తున్నాను. చిన్న సర్క్యూట్ బోర్డు, కాలింగ్ బెల్ బటన్లు, బోలెడు వైర్లు, అన్నీ కలిపి అమ్మ మురుకుల డబ్బాలో బిగించాను. అమ్మ ఇంకా ఆ డబ్బా కోసం వెతుకుతోంది.

ప్రతాప్‌తో నా పెళ్లి శ్రావణంలో, మదనపల్లెలో. ఒట్టు అప్పటికి తీరదు. మాట్లాడకపోయినా నన్ను గంపలో మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామవు నువ్వే కదా? అది ఒక్కటి రాయి, నాకు నిద్ర పడుతుంది.

నీ అక్క కూతురు,
భార్గవి


పుంగనూరు,
16 జూన్ 2025

చిరంజీవి భార్గవికి సిద్దప్ప మామ ఆశీస్సులు.

రాత మాట కాదనే నీ వాదన నేను, మీ అత్త చిన్నక్క బాగా ఆలోచించి ఒప్పుకున్నాం. ఇక్కడ వానలు లేవు. ఆవు ఈనింది, పెయ్యదూడ. మన పుంగనూరు పొట్టి జాతి కదా, దూడ పక్కింటి పిల్లి కంటే కాస్త పెద్దది.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. నిన్ను నిలబెట్టి పని చేయిస్తున్నారా? ఏం తప్పు చేశావు? మా బడిలో లెక్క తప్పితే బెంచీ ఎక్కించి నిలబెట్టేవాళ్లు. ఇంజినీర్లకు కూడా అదే శిక్ష వేస్తారని నాకు తెలియదు. పైగా నిలబడే బల్ల నువ్వే చేసుకోవాలా? డాక్టరు పేరు చెప్పి నా దగ్గర దాచొద్దు. పాతికేళ్లు మదనపల్లె రూట్లో కండక్టరుగా నిలబడి టికెట్లు కొట్టినవాణ్ని నేను. నా అక్క కూతురు కూర్చుని సంపాదిస్తుందని డిపో అంతా చెప్పుకుని తిరిగాను. మీ అత్త అయితే "యాల నిలబెట్టినారో పాపని, కాళ్లు వాసిపోవా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేను ఊరుకుంటానా? నిరుడు దీపావళికి నువ్వు పంపిన స్వీట్ల పెట్టె మీద మీ ఆఫీసు అడ్రసు ఉంది. మీ మేనేజరు పేరు మునిశేఖర్ అని అక్క చెప్పింది. ఆయనకు ఒక నెయ్యి డబ్బా, దాంతోపాటు ఉత్తరం పార్సెల్ చేశాను. "అయ్యా, పాప తెలియక తప్పు చేసి ఉంటే పెద్ద మనసుతో క్షమించి కూర్చోబెట్టండి" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఇక నీకు భయం లేదు.

గంప సంగతి అడగాలా? మీ అక్క సంగీతను ఎత్తింది ఎవరు? ఒక్కణ్నే ఎత్తాను. సాయం వచ్చిన వాళ్లను కసిరాను. నిన్నూ ఎత్తుతాను. ఎత్తడానికి మాటలతో పనిలేదు.

ఇంతకూ ఇప్పుడు నీ బరువెంత? ఊరికే అడుగుతున్నాను.

ఇట్లు,
సిద్దప్ప


కుప్పం,
24 జూన్ 2025

మామా, ఎంత పని చేశావు!

మునిశేఖర్ గారు నెయ్యి డబ్బా ముందు పెట్టుకుని వీడియో మీటింగ్ పెట్టాడు. టీమంతా వింటుండగా "భార్గవీ, మిమ్మల్ని ఎవరు నిలబెట్టారు? నిజం చెప్పండి, భయపడకండి" అన్నాడు. నేను ఏం చెప్పినా భయపడి చెబుతున్నాననుకున్నారు. ఇప్పుడు ప్రతి మీటింగులోనూ నేను కూర్చునే ఉన్నట్టు కెమెరాలో కనబడాలట. రోజంతా మీటింగులే. నిలబడితే తగ్గాల్సిన నడుము నొప్పి రెట్టింపయింది. నెయ్యి మాత్రం బ్రహ్మాండంగా ఉందట. ఇంకో డబ్బా దొరుకుతుందా అని అడిగాడు.

శిక్ష కాదు మామా. నాకు ఇష్టమయ్యే నిలబడతాను. డబ్బిచ్చి మరీ ఇలాంటి బల్లలు కొనుక్కునేవాళ్లు ఉన్నారు.

నిన్న మొదటిసారి కరెంటు ఇచ్చి చూశాను. పైకి అన్న బటన్ నొక్కితే కిందికి దిగింది. గ్రైండర్ గుర్తొచ్చి నవ్వుతావేమో, నవ్వకు. వైర్లు అటూ ఇటూ మారిస్తే సరిపోయింది. ఆ తర్వాత ఒక కాలు హుషారుగా లేచింది, రెండోది బద్ధకంగా. బల్ల ఒక పక్కకు వాలిపోయి, అమ్మ కాఫీ గ్లాసు జారుకుంటూ వెళ్లి ల్యాప్‌టాప్‌కు ఆనుకుని ఆగింది. "ఇది బల్లనా, జారుడుబండనా?" అంది అమ్మ. మురుకుల డబ్బాను కూడా అప్పుడే గుర్తుపట్టింది. ఆ గొడవ వేరే. ఇప్పుడు ముందు లేచిన కాలు ఆగి, వెనకబడిన కాలు కోసం కాచుకునేలా ప్రోగ్రాం రాస్తున్నాను.

ఇక బరువు. పెళ్లికూతుర్ని ఎవరైనా బరువు అడుగుతారా? అంగళ్లు ఊరి నుంచి ప్రతాప్ వాళ్ల అమ్మ ఏమైనా అడగమన్నారా? ఆవిడ పెళ్లిచూపులప్పుడు నా రెండో జిలేబీ వంక అదోలా చూశారు. నిజం రాయి.

కోపంగా ఉన్న
భార్గవి


పుంగనూరు,
2 జూలై 2025

చి. భార్గవికి,

కోపం తగ్గించుకో. మీ మేనేజరుకు రెండో డబ్బా పంపాను. ఈసారి ఉత్తరంలో "పాప ఎప్పుడైనా సరదాపడితే నిలబడనివ్వండి" అని రాశాను. ఎందుకో ఆయనకు నా మీద మంచి అభిప్రాయమే ఉన్నట్టుంది.

రామసముద్రం నుంచి రామప్ప వచ్చి వెళ్లాడు. మా చిన్నాయన కొడుకు, వరసకు వాడూ నీకు మేనమామే. రోజూ మదనపల్లె మార్కెట్లో టమాటా బాక్సులు ఎత్తి దించే మనిషి. చొక్కా చేతులు పైకి మడిచి, "అన్నా, నీకు వయసైపాయె. పాప గంప నేనెత్తుతాలే, నువ్వు పక్కన కుర్చీలో కూసో" అన్నాడు. "కాఫీ తాగినావు గదా, బస్సుకు టైమైతాంది పో" అన్నాను. వాడు గంప ఎత్తితే నేను పుంగనూరు బస్టాండులో తలెత్తుకుని తిరగలేను. ఉన్న ఒక్క తోడబుట్టిన మేనమామను నేను.

బరువు సంగతి ఎవరూ అడగమనలేదు. అయినా రాయి. గంప బరువు నాకు తెలుసు, నీదే తెలియాలి. పెళ్లి దాకా రాత్రి పూట చపాతీ తింటే మంచిదని చిన్నక్క అంటోంది. ఒకటి.

ఈ ఉత్తరం ఫ్రిజ్ మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వణికినట్టుంటే అది ఫ్రిజ్ గురగుర అనడం వల్ల. ఫ్రిజ్ మీద ఎందుకని అడగొద్దు. ఇక్కడ గాలి బాగా తగులుతుంది.

నీ బల్ల ఎంత బరువు ఎత్తుతుంది? మన ఆవును దాని మీద నిలబెట్టి పైకి లేపితే వంగే పని లేకుండా పాలు పిండుకోవచ్చు కదా? ఇది కూడా ఊరికే అడుగుతున్నాను.

ఆశీస్సులతో,
సిద్దప్ప


కుప్పం,
10 జూలై 2025

మామా,

నీ బరువు ప్రశ్న వల్ల ప్రతాప్‌తో గొడవపడి రెండు రోజులు మాట్లాడలేదు. వాళ్ల అమ్మ అలాంటిది అననే లేదని అతను ఎంత చెప్పినా వినలేదు. చివరికి "మాట్లాడకుండా ఉండడం మీ ఇంట్లో అందరికీ ఉండే జబ్బా? పెళ్లికి ముందే చెప్పొచ్చు గదా!" అన్నాడు. నవ్వొచ్చి మాట్లాడేశాను.

ఆ తర్వాత నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. మనిషి ఫ్రిజ్ మీద పెట్టి ఎందుకు రాస్తాడు? కూర్చోలేకపోతే. వంగకుండా పాలు పిండాలని ఎందుకు అనుకుంటాడు? వంగలేకపోతే. నా బరువు ఎందుకు కావాలి?

మామా, ఏం ఎత్తావు? దాణా మూటనా? గంప ఎత్తడానికి మూటతో ప్రాక్టీసు చేశావా? నిన్ను ఏమనాలో కూడా నాకు తెలియడం లేదు. ఒట్టు లేకపోయి ఉంటే ఈపాటికి ఫోన్ చేసి నాలుగు వీధులకు వినబడేలా తిట్టి ఉండేదాన్ని.

నా బరువు అరవై రెండు. చదివి చించెయ్.

రామప్ప మామ మంచివాడే. కానీ సెలవులకు వచ్చినప్పుడల్లా బస్సులో నీ టికెట్ల సంచి నా ఒళ్లో పెట్టి, "ఈ పాపే ఈరోజు కండక్టరు" అని ప్యాసింజర్లకు చెప్పింది నువ్వు. నువ్వు ఎత్తకపోతే నాకు గంపే వద్దు. నడిచి వస్తాను, ఎవరేమనుకున్నా సరే.

అందుకని ఒక ఆలోచన. బల్ల ఇప్పుడు చక్కగా లేస్తోంది, రెండు కాళ్లూ సమంగా. వందకు పైగా కిలోలు ఎత్తుతుంది. (ఆవు వద్దు, పాపం బెదురుతుంది.) బల్లకు చక్రాలు బిగిస్తాను. దాని మీద గంప, గంపలో నేను. బల్ల నీ నడుము ఎత్తుకు లేస్తుంది, అక్కడి నుంచి నువ్వు అందుకుంటావు. నేల నుంచి నడుము దాకా ఎంత ఎత్తో కొలిచి దారం తెంపి కవర్లో పెట్టి పంపు. అంకెలు రాయొద్దు, నువ్వు ఒకటి రెండు అంగుళాలు కలుపుతావని నాకు తెలుసు.

నీ
కండక్టరు పాప


పుంగనూరు,
19 జూలై 2025

చి. భార్గవికి,

అరవై రెండా! నేను యాభై కిలోల మూట దగ్గరే పడిపోయాను.

నీ ఆలోచన నాకు నచ్చలేదు. మేనమామ ఉండగా మోటారు ఎత్తడమేమిటి? ఇక నేనెందుకు, పన్నీరు చల్లడానికా? "సిద్దప్పకి సాతగాక మిషనుతో ఎత్తించినాడంట" అని ఊరంతా చెప్పుకోరా? చచ్చినా ఒప్పుకోను. ఇదే నా ఆఖరి మాట.

పై పేరా నిన్న రాసింది. ఈరోజు పొద్దున తువ్వాలు కింద పడింది. బజారుకు వెళ్లిన చిన్నక్క తిరిగొచ్చి తీసిచ్చేదాకా దాని వంక చూస్తూ నిలబడ్డాను. ఆవు కూడా నన్నే చూసింది. అప్పుడు బాగా ఆలోచన చేశాను. డాక్టరు నన్ను వంగొద్దన్నాడు, ఎత్తొద్దని అనలేదు. అంటాడేమోనని నేను అడగలేదు.

కాబట్టి షరతు మీద ఒప్పుకుంటున్నాను. వంగే పని బల్లది. ఎత్తే పని నాది. పీటల దాకా నాలుగడుగులైనా గంప నా చేతుల్లో ఉండాలి. రామప్ప అవతలి పక్క చెయ్యి వేయొచ్చు. మోస్తే మోయనీ, నాకు కనబడేలా మోయకూడదు.

దారం పెట్టాను. చిన్నక్క కొలిచింది.

ఇట్లు,
తువ్వాలు భుజాన గట్టిగా కట్టుకున్న
సిద్దప్ప


కుప్పం,
28 జూలై 2025

మామా,

దారం అందింది. గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. అటుగా వెళ్లినప్పుడల్లా నువ్వే అక్కడ నిలబడ్డట్టుంది.

డబ్బాలో మూడు ఎత్తులు గుర్తుపెట్టుకునే బటన్లు పెట్టాను. ఒకటోది నేను కూర్చునే ఎత్తు. రెండోది నీ నడుము. మూడోది ఇంకా ఖాళీ. నిన్న అమ్మను గంపలో కూర్చోబెట్టి రెండో బటన్ నొక్కాను. "దించే, నా బంగారు తల్లీ, దించు" అని అరిచింది. దించాక "ఇంగోతూరి ఎత్తు సూద్దాం" అంది.

ఒక జాగ్రత్త చెబుతాను. లేచేటప్పుడు బల్లకు ఏదైనా అడ్డం తగిలితే చెయ్యి నలగకుండా అదే కొంచెం దిగి, మళ్లీ లేవడానికి చూస్తుంది. పూర్తిగా ఆపాలంటే ఎర్ర బటన్. డబ్బా నీ వైపే ఉంటుంది. నేను కొబ్బరిబొండం పట్టుకుని ఉంటాను కాబట్టి నొక్కేది నువ్వే. ఒట్టు ఉంది, అరుచుకోవడానికి లేదు. నేను తల ఊపితే రెండో బటన్ నొక్కు. ఎర్ర బటన్ మరచిపోకు.

ఉంటాను,
భార్గవి


పుంగనూరు,
16 ఆగస్టు 2025

చిరంజీవి సౌభాగ్యవతి భార్గవికి, అల్లుడు ప్రతాప్‌కు ఆశీస్సులు.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఒట్టు తప్పిందా, ఇంకా ఉందా అనేది తేలేదాకా రాయడమే క్షేమమని చిన్నక్క అంది. మండపంలో నువ్వు గంపలో తల వంచుకుని ఉన్నావు కాబట్టి బయట జరిగింది నీకు తెలియదు. చెబుతాను.

మురుకుల డబ్బా పెళ్లిలో బాగుండదని మీ అత్త దాన్ని పట్టుబట్టతో చుట్టి, పైన చామంతులు పరిచింది. అందువల్ల నాకు కనబడిన బటన్ రెండోది ఒక్కటే. నొక్కాను. బల్ల చక్కగా లేచింది. గంప అందుకుందామని దగ్గరికి జరిగాను. దారం కొలిచేటప్పుడు నేను ఫోటోకు నిలబడినట్టు పొట్ట లోపలికి లాక్కున్నాను. ఆరోజు మండపంలో అంతసేపు లాక్కోవడం నా వల్ల కాలేదు. బల్ల అంచు నా పొట్టకు కింది నుంచి తగిలింది. నీ కంట్రోలర్ మర్యాదగా దిగింది. మళ్లీ లేచింది. మళ్లీ తగిలింది. మళ్లీ దిగింది.

అవతల పట్టుకున్న తెర మీదుగా నీ తల కనబడడం, మాయం కావడం, కనబడడం. తెర వెనక ప్రతాప్ నీ తలతో పాటు తన తలా ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. నాదస్వరం వాళ్లు నువ్వు లేచినప్పుడు పైకి, దిగినప్పుడు కిందికి వాయించారు. అయ్యవారు "ముహూర్తం దాటిపోతాంది, ఎవురో ఒకరు ఎత్తండప్పా" అని అరిచాడు. రామప్ప చొక్కా చేతులు మడిచాడు.

రికార్డు కోసం రాస్తున్నాను. ముందు నోరు తెరిచింది నువ్వే. "మామా, ఎర్ర బటన్!" అన్నావు. నేను "యాడుండాది పాపా?" అన్నాను. "ఆడే, పూల కింద!" అన్నావు. ఇన్ని నెలల తర్వాత విన్న నీ గొంతు అది. చామంతులన్నీ చెదరగొట్టి నొక్కాను. బల్ల ఆగింది. నేను ఎత్తాను.

నాలుగడుగులు, భార్గవీ. రామప్ప చెయ్యి ఎక్కడుందో నేను చూడలేదు. చూడదలచుకోలేదు. పీటల మీద నిన్ను దించాక కళ్లనీళ్లు తిరిగాయి. నడుము వల్ల అనుకున్నారు అందరూ, అనుకోనీ.

ఆశీస్సులతో,
మామ


అంగళ్లు,
20 ఆగస్టు 2025

మామకు, అత్తకు,
భార్గవి, ప్రతాప్‌ల నమస్కారాలు.

ముందు నోరు తెరిచింది నేను కాదు. మొదటిసారి పొట్టకు బల్ల తగిలినప్పుడే నువ్వు "ఓయమ్మ!" అన్నావు. నన్ను చూసి అన్నావు కాబట్టి అది నాతో అన్న మాటే. వీడియోలో ఉంది. ప్రతాప్ నా పక్షం.

నువ్వు చూడనిది నేను చెబుతాను. గంప ఎత్తినప్పుడు రామప్ప మామ చెయ్యి అవతలి అంచు కింద ఉంది. కానీ బొటనవేలు మాత్రమే ఆనించి ఉంచాడు. నేను చూస్తూనే ఉన్నాను. తర్వాత అడిగితే "మా అన్న మొయ్యాల్సిన బరువు నేను మోస్తే ఆయప్ప బతకడు పాపా" అన్నాడు. ఇక అతన్ని కాఫీ తాగించి పంపేయకు, అన్నం పెట్టి పంపు.

భోజనాల దగ్గర నువ్వు కూర్చోలేక గోడ పక్కన నిలబడి "నాకు ఆకలి లేదు" అని అబద్ధం చెబుతుంటే బల్ల తెప్పించింది నేనే. పట్టుచీరతో వచ్చి నీ ఛాతీ ఎత్తుకు లేపి దాని మీద అరిటాకు వేశాను. నువ్వు పాయసం మూడోసారి వేయించుకుంటున్నప్పుడు మూడో బటన్‌లో ఆ ఎత్తు దాచేశాను. ఇక అది ఎప్పటికీ నీదే. బల్ల మీ ఇంట్లోనే ఉండనీ. ఉత్తరాలు ఫ్రిజ్ మీద రాయొద్దు. నాకు ఇంకొకటి చేసుకుంటాను, మా అత్తగారింట్లో మురుకుల డబ్బాలు చాలా ఉన్నాయి. మా అత్తగారు వాటిని లెక్కపెట్టి పెట్టుకున్నారని ఇప్పుడే తెలిసింది.

ఒట్టు ఎవరు తప్పినా తప్పింది తప్పే. చవితి రోజు జనం తొక్కేస్తారు కాబట్టి, తర్వాత వచ్చే ఆదివారం కాణిపాకం వెళ్లి స్వామికి చెప్పుకుందాం. పొద్దున మదనపల్లెలో ఎక్కుతాను. పుంగనూరులో నువ్వు ఎక్కేసరికి కిటికీ పక్కన సీటు పట్టి పెడతాను.

ప్రేమతో,
భార్గవి


పుంగనూరు,
25 ఆగస్టు 2025

చి.ల.సౌ. భార్గవికి,

ఈ ఉత్తరం మూడో బటన్ ఎత్తులో రాస్తున్నాను. అక్షరాలు నిటారుగా ఉన్నాయి చూడు. మీ మేనేజరు మునిశేఖర్ గారు మూడో డబ్బా నెయ్యి అడిగారు. "మీరు పెళ్లికి ఇచ్చిన సెలవు పాపకు చాలలేదు" అని రాసి పంపాను.

రామప్పను ఆదివారం తర్వాత అన్నానికి రమ్మన్నాను. బొటనవేలి సంగతి నాకు తెలిసినట్టు వాడితో అనొద్దు.

ఆదివారం తప్పకుండా వస్తాను. దారి పొడుగునా మాట్లాడుకుంటూ పోదాం, గ్రైండర్ గురించి తప్ప. కానీ నాకు సీటు పట్టొద్దు. కిటికీ పక్కన నువ్వు కూర్చో. ఈ నడుము ఇంకా కూర్చోనివ్వదు. అయినా ఆ రూట్లో నాకు నిలబడడం కొత్త కాదు. నీ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడతాను.

బస్సులో పాత డ్రైవర్లెవరైనా చూసి "ఏమప్పా సిద్దప్పా, ఏం తప్పు సేసినావని నిలబడి వస్తాండావు?" అని అడుగుతారు. "నా అక్క కూతురితో మాట్లాడకుండా ఉంటినప్పా, దానికే" అని చెబుతాను.

నీ
మామ